చేతిలో లేని ముక్క

తిరుమలలో హాథీరాం బావాజీ స్వామితో పాచికలాడాడన్న కథ మన చిత్తూరు సీమలో ఎరగని ఇల్లుండదు. పాచికల్లో బుకాయింపు సాగదు. పడిన పందెం ఇద్దరి కళ్ళయెదుటే ఉంటుంది గదా! పేకముక్క అలా కాదు. ముఖం మనవైపు, వీపు ఎదుటివాడివైపు. పోకరుకు పేరు తెచ్చిన ఈ విద్య దాని దాయాది మూడుముక్కలాటలోనూ ఉంది.

52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాల చేతులొస్తాయి. వాటిలో 16,440 వట్టివి: జత లేదు, వరస లేదు, రంగూ కలవదు. అంటే నాలుగింట మూడుసార్లు ఎదుటివాడికీ ఏమీ పడలేదన్నమాట. బుకాయింపుకు బలం ఈ లెక్కే.

అయితే అందరిమీదా పారదు. బ్లైండు ఆడేవాడు తన ముక్కలే చూసుకోలేదు, ఇక దేనికి జంకుతాడు? పైగా చూసి ఆడేవాడు వాడికి రెట్టింపు పెట్టాలి. ఎదుట నలుగురుంటే అసలే వద్దు. నలుగురికీ వట్టి చేతులే పడటం సుమారు పదింట మూడుసార్లే. ఒక్కడే మిగిలి, ముక్కలు చూసుకుని తటపటాయిస్తున్నప్పుడు, మంచి ముక్కలొచ్చిననాడు ఎంత తీరుబడిగా పెట్టారో అంతే తీరుబడిగా పందెం పెట్టండి. గొంతు పెంచారో, పట్టుబడ్డారే!

1967లో సుప్రీంకోర్టు, మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కేసులో, రమ్మీకి నేర్పు కావాలని ఒప్పుకుంది. మూడుముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమంది. (బుకాయించేవాడి నేర్పు వారి లెక్కలోకి రాలేదు కాబోలు!) డబ్బు పెడితే 1974 నాటి జూద చట్టం ఉండనే ఉంది. అందుచేత ఇంట్లో చింతగింజలతో ఆడుకోండి. మనిషికి ముప్ఫై గింజలకు మించి ఇవ్వకండి. గుప్పెళ్ళకొద్దీ ఉంటే భయపడి ముక్కలు పడేసేవారెవరూ ఉండరు.