గ్రాఫులో కనిపించని చుక్కలు

1986 జనవరి 28న ఫ్లోరిడా నుంచి బయలుదేరిన ఛాలెంజర్ అంతరిక్షనౌక 73 సెకన్లకే విచ్ఛిన్నమైంది. అందులోని ఏడుగురూ మరణించారు. కుడివైపు రాకెట్టు అతుకులో వేడివాయువులను ఆపవలసిన ఓ-రింగ్ అనే రబ్బరు వలయం ఆనాటి చలికి సాగేగుణం కోల్పోయింది. విచారణ జరిపిన రోజర్స్ సంఘం తన నివేదికలో రెండు గ్రాఫులను చూపించింది. మొదటిదానిలో వలయాలు దెబ్బతిన్న ఏడు ప్రయాణాలే ఉన్నాయి. రెండవదానిలో దెబ్బతినని ప్రయాణాలు కూడా చేరాయి.

మొదటి గ్రాఫు చూడండి. 53 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద మూడు దెబ్బలు. 57, 58, 63 డిగ్రీల వద్ద ఒక్కొక్కటి. 70 వద్ద రెండు ప్రయాణాలలో ఒక్కొక్కటి. 75 వద్ద రెండు. చలిలోనూ దెబ్బే, వెచ్చదనంలోనూ దెబ్బే. ఉష్ణోగ్రతతో సంబంధం లేదనిపిస్తుంది. ఇప్పుడు ఏ దెబ్బా లేని 16 ప్రయాణాలను చేర్చండి. అవన్నీ 66 డిగ్రీలు, ఆపైన జరిగినవే. అంటే 65 లోపు జరిగిన నాలుగింటిలోనూ దెబ్బ ఉంది. ఆపైన జరిగిన 19లో మూడింటిలోనే ఉంది.

ఇదే పనిని ‘ఆర్’ భాషలో చేద్దాం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛేంబర్స్ బృందం మొదలుపెట్టిన ‘ఎస్’ భాషకు ఇది వారసురాలు. దీని మూల గ్రాఫిక్స్ పద్ధతి కాగితం మీద సిరా వంటిది. ‘ప్లాట్’ అనే ఆదేశం చట్రాన్ని, అక్షాలను గీస్తుంది. దానిపైన ‘పాయింట్స్’ చుక్కలను, ‘లైన్స్’ గీతలను, ‘ఏబీలైన్’ నిలువు, అడ్డ, వాలు సరళరేఖలను, ‘టెక్స్ట్’ అక్షరాలను చేరుస్తాయి. చేర్చడమే గాని చెరపడం ఉండదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. అక్షాల హద్దులు మొదటి ఆదేశంతోనే స్థిరపడతాయి: ఇచ్చిన దత్తాంశపు వ్యాప్తి, దానికి రెండు వైపులా నాలుగేసి శాతం. దెబ్బతిన్న ఏడింటితో మొదలుపెడితే నిలువు అక్షం 0.92 నుంచి 3.08 వరకే ఉంటుంది. తరవాత చేర్చే 16 చుక్కల విలువా సున్న, ఒక్కటీ కనిపించదు. 31 డిగ్రీల వద్ద నిలువుగీత గీసినా అంతే. కంప్యూటర్ తప్పు చూపదు, హెచ్చరించదు. చేర్చామనే మనం అనుకుంటాం. గ్రాఫు మాత్రం మారదు.

విరుగుడు సులభం. తరవాత చేర్చబోయేవాటిని కూడా లెక్కలోకి తీసుకొని, ‘ఎక్స్‌లిమ్’ 30 నుంచి 85 వరకు, ‘వైలిమ్’ 0 నుంచి 3 వరకు అని మొదటి ఆదేశంలోనే చెప్పాలి. లేదా దత్తాంశమంతటినీ ఇచ్చి, ‘టైప్’ను ‘ఎన్’గా పెట్టి ఖాళీ చట్రం గీసుకొని, ఆపైన ఒక్కొక్క వర్గాన్ని వేరువేరు రంగులలో చేర్చాలి. హ్యాడ్లీ విక్హమ్ రూపొందించిన ‘జీజీప్లాట్2’ మరో దారి తొక్కింది. అందులో కూడిక గుర్తుతో పొరలు చేరుస్తాం. చుక్కల పొరలన్నీ చూశాకే అది అక్షాలను నిర్ణయిస్తుంది. అందుచేత ఈ మాయం కావడం అక్కడ జరగదు.

1989లో దలాల్, ఫౌల్క్స్, హోడ్లీ అనే గణాంకవేత్తలు ఈ 23 ప్రయాణాల ఆధారంగా 31 డిగ్రీల వద్ద ప్రమాద సంభావ్యతను అంచనా కట్టారు. అటువంటి వక్రరేఖను మన గ్రాఫుకు చేర్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. అనుభవంలో అతి చల్లని ప్రయాణం 53 వద్దనే ఉంది. 31 అక్కడికి 22 డిగ్రీల దూరం. ఆ భాగాన్ని తెగిన గీతగా గీయడం మేలు. ఎంతవరకు తెలిసినది, ఎక్కడనుంచి ఊహ అనేది చదువరికి కంటికే తెలియాలి.

ఏ పద్ధతి వాడినా, అసలు ఇవ్వని దత్తాంశాన్ని సాఫ్ట్‌వేర్ అడిగి తెచ్చుకోదు. ఏమీ జరగని రోజుల లెక్కను కూడా గ్రాఫులోకి తేవలసింది గీసేవారే.