బిందెలోని గోదావరి



మన గోదావరి సీమలో వర్షర్తువు వచ్చిన సంగతిని ఇల్లాలికి ముందుగా తెలుపునది పంచాంగము కాదు, నీళ్ల బిందె. నిన్నటివరకు అడుగు కనబడుచుండిన నీరు తెల్లవారుసరికి ఎఱ్ఱబారును. ఆ నీట వండిన అన్నమునకు తెలుపు తగ్గును. ఆ నీట జాడించిన పంచె కావిరంగు పట్టి, గృహస్థునకు సన్న్యాసము పుచ్చుకొనకయే కాషాయధారణము ప్రాప్తించును. "కొత్తనీరు వచ్చినది" అను మాట విని రైతు సంతసించును. అదే మాట విని వంటయింటిలోనివారు నిట్టూర్తురు. నేటి ప్రసంగము ఆ నిట్టూర్పును గూర్చియు, దానిని తీర్చు ఒక చిన్న గింజను గూర్చియు.

మొదట ఈ బురద యెక్కడిదో చూతము. నాసిక సమీపమున త్ర్యంబకమున పుట్టిన గోదావరి మనలను చేరుసరికి సుమారు 1465 కిలోమీటర్ల పయనము ముగియవచ్చును. దారిలో దక్కను నల్లరేగళ్లను, అడవినేలలను కడిగికొని వచ్చును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట ఆ నీటిని కాలువలకు మరలించినప్పుడు, నీటితోపాటు బురద కూడ ఊరూరికి చేరినది. ఎగువ జలాశయములలో మట్టి నిలిచిపోవుటచే నేడు ఆ ఒండ్రు పూర్వముకంటె తగ్గినది గాని, వరద దినములలో బిందె ఎఱుపు మాత్రము మానలేదు.

ఇసుక కలిసిన నీరు వెంటనే తేఱును, ఒండ్రు కలిసిన నీరు తేఱదు. కారణమేమి? ఒక మిల్లీమీటరులో పదియవ వంతున్న ఇసుక రేణువు, కదలని నీటిలో జానెడు లోతు దిగుటకు అర నిమిషము చాలును. వేయవ వంతున్న బంకమట్టి రేణువునకు అదే జానెడు దిగుటకు సుమారు 3 దినములు పట్టును. పోనీ, చిన్న రేణువులు పదింటికి పది కలిసి పెద్దవై దిగరాదా యన్న, అవి కలియవు. బంకమట్టి రేణువులన్నిటి పైనను ఋణ విద్యుదావేశ ముండును. ఒకే జాతి ఆవేశము గల వస్తువులు ఒకదాని నొకటి నెట్టుకొనును. ఒకే యింటిలో మాటలు లేని దాయాదులవలె, ఎదురుపడిన వెంటనే పక్కకు తొలగును. వారిని ఒక అరుగుమీద కూర్చుండబెట్టుటకు మధ్యవర్తి కావలెను.

ఆ మధ్యవర్తియే చిల్లగింజ. దీనినే ఇందుపగింజ యందురు, సంస్కృతమున కతకము. బొత్తామువలె గుండ్రముగా నుండును. సుశ్రుతసంహిత నీటిని తేర్చు సాధనములు 7 చెప్పుచు కతకమును మొదట పేర్కొన్నది. కతకఫలము నీటిని తేర్చునే గాని దాని పేరు చెప్పినంతమాత్రమున నీరు తేఱదని మనుస్మృతి కూడ హెచ్చరించినది. అనగా ఇది ఆ కాలమునకే అందఱెఱిగిన గృహకృత్యమై యుండవలెను. తెలియని వస్తువును ఉపమానమునకు తెచ్చువాడెవడు?

గింజను తడిపి, కుండ లోపలి గరుకు గోడకో సానరాతికో అరగదీసి, ఆ గంధమును నీటిలో కలుపుదురు. గింజలోని మాంసకృత్తులును జిగురు పదార్థములును మట్టిరేణువులకు అంటుకొని, వానిని ఒకదానితో నొకటి కూర్చును. రేణువులు ముద్దలై బరువెక్కి అడుగునకు దిగును. పటిక చేయు పనియు ఇదియే. అందలి అల్యూమినియము యొక్క ధనావేశము మట్టి ఋణావేశమును చల్లార్చును. మునగగింజల పొడికిని ఈ గుణము కలదు. ఆఫ్రికాలో సూడాను దేశపు పల్లెల స్త్రీలు వరదకాలమున నైలునది నీటిని దానితోనే తేర్చుకొనుచుండిరి. ఎచ్చటి నది యైనను ఇల్లాలి చిక్కు ఒక్కటే.

మోతాదు ముఖ్యము. గింజ మఱీ అధికముగా అరగదీసినచో రేణువులు మరల విడివడి నీరు మడ్డియై కూర్చుండును. మధ్యవర్తులు ఎక్కువైన తగవు మరల రేగుట మీకు తెలియనిది కాదు. కోడలు నాలుగు రాపిళ్లు రాయగానే "చాలమ్మా, చాలు" అని అత్తగారు అడ్డుపడుట ఒట్టి పెత్తనము కాదన్నమాట.

కలిపిన పిదప మూతపెట్టి కదపక యుంచవలెను. ఇచ్చటనే ఇంటిలోని కష్టమంతయు నున్నది. రాత్రి పదిలముగా తేర్చిన బిందెలో తెల్లవారగట్ల ఏ పిల్లవాడో చెంబు అడుగంట ముంచును. క్షణములో రాత్రి చేసిన పని యంతయు పైకి లేచును. పిల్లవానిని కోపించినను నీరు మరల తేఱదు. కూర్చుండి వేచియుండుటే గతి. అట్లు వేచి, పైతేటను మెల్లగా వేఱొక కుండలోనికి వంచుకొని, చల్లారిన పిదప ఒక లోటాడు త్రాగినవారికే ఆ సుఖము తెలియును. నేను ముప్పది యేండ్లు వ్యాకరణము చెప్పితిని. "తేఱు" అను ధాతువునకును, మనస్సు తేఱుకొనుట యనుటకును ఆ బిందెకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

ఈ కార్యమే మహాప్రమాణమున అంతర్వేది యొద్దను యానాము దిక్కునను జరుగుచున్నది. నది సముద్రమున కలియుచోట ఉప్పునీరు మట్టిరేణువుల ఆవేశమును అణచును. అవి ముద్దకట్టి దిగి మేట వేయును. మన కోనసీమ యంతయు వేలయేండ్లపాటు అట్లు దిగిన మట్టియే.

ఇక అసలు జాగ్రత్త చెప్పవలెను. తేఱిన నీరు శుద్ధమైన నీరు కాదు. కంటికి అద్దమువలె తోచు నీటిలో కలరా సూక్ష్మజీవులు కోట్లుగ నుండవచ్చును. 1884లో కలకత్తాలో రాబర్టు కోఖు ఆ సూక్ష్మజీవినే రోగులయందును, చెఱువు నీటియందును చూపెను. మన పూర్వులు తేటను నమ్మి ఎందఱిని పోగొట్టుకొనిరో ఊరూర ముసలివారు చెప్పగలరు. అయితే తేర్చుట వ్యర్థము కాదు. బురదలో దాగిన క్రిములను క్లోరిను చక్కగా అంటలేదు. కావున ముందు తేర్చి, పైతేట వంచుకొని, పిమ్మట క్లోరిను బిళ్ల వేయవలెను, లేదా కాచవలెను. బుడగలు లేచునట్లు ఒక నిమిషము తెర్లిన చాలును.

ఇప్పుడు కుళాయిలును డబ్బానీరును వచ్చినవి గదా, ఈ గింజ యెందుకని మీరడుగవచ్చును. 1986 ఆగష్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినది. అట్టి దినములలో లంకగ్రామములకు చుట్టును నీరే, త్రాగుటకు చుక్క లేదు. పడవ వచ్చువఱకు ఇంటనున్న పటికముక్కయు, ఎండుపుల్లలును, ఒక కాగును ప్రాణములు నిలుపును. ధవళేశ్వరమున మట్టము 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక వెలువడిన నాడే వీనిని అటకమీదికి చేర్చుట మేలు.

చిల్లగింజ కొనువారు ఎఱిగిన పచారీకొట్టులోనే కొనవలెను. ముష్టిచెట్టు దీనికి దగ్గఱి చుట్టము; దాని గింజ బిళ్లవలె చదునుగా, పట్టువంటి నూగుతో నుండును, ఘోరమైన విషము. సందేహము కలిగినచో పటికయే వాడుడు.

బిందె అడుగున మిగిలిన మడ్డిని వీధిలో పాఱబోయకుడు. అది ఎక్కడెక్కడి నేలల సారమో కదా! పెరటిలోని ఆనపపాదు మొదట పోయించుడు.