బ్యాంకు వాటాలు - పన్ను లెక్కలు

బందరు పట్టణములో 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయినపుడు దాని చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ బ్యాంకు 1980 ఏప్రిలులో జాతీయమైనది. 2001లో మరల ప్రజలకు వాటాలు విక్రయించినది. తుదకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆనాడు 1,000 ఆంధ్రా బ్యాంకు వాటాలు గలవానికి 325 యూనియన్ బ్యాంకు వాటాలు లభించినవి. బ్యాంకు పోయినది, పేరు పోయినది, బందరుతో సంబంధము చరిత్ర పుస్తకములకు పరిమితమైనది. అదే బ్యాంకులో డిపాజిటు ఉంచినవాని సొమ్ములో మాత్రము ఒక్క పైసా తగ్గలేదు.

డిపాజిటుదారునకు, వాటాదారునకు గల భేదమిదియే. డిపాజిటుదారుడు బ్యాంకునకు అప్పిచ్చినవాడు. 2020 ఫిబ్రవరినుండి అతని సొమ్ముకు 5 లక్షల రూపాయలవరకు బీమా గలదు. వాటాదారుడు బ్యాంకునకు యజమాని. లాభమైనను అతనిదే, నష్టమైనను అతనిదే. అతనికి ఏ బీమాయు లేదు.

ఒక్క బ్యాంకును నమ్ముకొన్నవారికి ఏమి జరుగగలదో యెస్ బ్యాంకు ఉదంతము చూపినది. 2018 వేసవి తుదిలో ఆ బ్యాంకు వాటా వెల నాలుగు వందల రూపాయల దరిదాపులలో నుండెను. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు కోరికపై కేంద్ర ప్రభుత్వము దానిపై మారటోరియము విధించి, ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీసుకొనరాదని శాసించెను. మరునాడు బజారులో వాటా వెల ఒక దశలో పది రూపాయలకు దిగువకు జారెను. పునర్నిర్మాణ పథకములో నూరు వాటాలకు మించి యున్నవారి వాటాలలో నాలుగింట మూడు వంతులు మూడేండ్లవరకు అమ్మరాదను నిబంధన చేర్చబడెను. ఖాతాదారులకు కొద్ది దినములలోనే ఊరట కలిగినది. వాటాదారుని పెట్టుబడిలో చాలభాగము హరించిపోయినది.

ఇట్టి ప్రమాదమును విభజించుకొను సాధనములలో ఎక్స్ఛేంజి ట్రేడెడ్ ఫండు ఒకటి. ఇ.టి.ఎఫ్. అని దీనికి సంక్షిప్త నామము. మ్యూచువల్ ఫండు సంస్థ ఒక సూచీలోని వాటాలన్నింటిని అవే పాళ్లలో కొని నిలువయుంచును. ఆ నిలువపై యూనిట్లు జారీచేయును. ఆ యూనిట్లు కంపెనీ వాటాలవలెనే స్టాక్ ఎక్స్ఛేంజిలో క్రయవిక్రయములకు లోబడియుండును. మన దేశములో మొదటి ఇ.టి.ఎఫ్. నిఫ్టీ బీస్, 2002 జనవరిలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజికి వచ్చినది. అదే బెంచ్‌మార్క్ సంస్థ 2004లో బ్యాంకుల సూచీపై బ్యాంక్ బీస్‌ను వెలువరించినది. తరువాత ఆ వ్యవహారము 2011లో గోల్డ్‌మన్ శాక్స్ చేతికి, 2016లో రిలయన్సు చేతికి, 2019లో నిప్పాన్ చేతికి మారినది. మూడుమార్లు యాజమాన్యము మారినను యూనిటుదారుని బ్యాంకు వాటాలకు భంగము కలుగలేదు. ఏలయన ఆ వాటాలు నిర్వాహక సంస్థ ఆస్తి కావు. యూనిటుదారుల పక్షమున ట్రస్టులో నుండునవి.

ఈ సూచీలో ప్రతి బ్యాంకు పాలును నిర్ణయించునది బ్యాంకు పరిమాణము కాదు. బజారులో స్వేచ్ఛగా చేతులు మారగల వాటాల మొత్తపు విలువ. కనుకనే దేశములోకెల్ల పెద్దదైన స్టేట్ బ్యాంకు ఈ సూచీలో హెచ్.డి.ఎఫ్.సి., ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకుల వెనుక నుండుచు వచ్చినది. స్టేట్ బ్యాంకు వాటాలలో సగమునకు పైగా కేంద్ర ప్రభుత్వము వద్దనే యుండుటచే అవి లెక్కకు రావు. బ్యాంకుల ఫండు కొన్నవాడు ప్రభుత్వ బ్యాంకులను కొన్నానని తలచినచో పొరబాటు. అతని సొమ్ములో అధికభాగము ప్రైవేటు బ్యాంకులకే పోవును.

ఇక పన్ను. ఆదాయపు పన్ను శాస్త్రములో ఇంతకన్న చక్కని సదుపాయము సామాన్యునకు అరుదుగా దొరకును. దానిని గూర్చి మాటలాడువారును అరుదే. ఒక ఉపాధ్యాయుడు తానే నాలుగు బ్యాంకుల వాటాలు కొన్నాడనుకొందము. ఆరు నెలలకు ఒక బ్యాంకుపై నమ్మకము తగ్గి, దానిని లాభమునకు అమ్మి మరియొకటి కొన్నచో, ఆ లాభముపై నూటికి 20 చొప్పున పన్ను చెల్లించవలెను. ఏడాదికి మించి యుంచుకొని అమ్మినను, సంవత్సరములో దీర్ఘకాలిక లాభములన్నియు కలిసి లక్షా పాతికవేలు దాటిన మేరకు నూటికి 12.5 చొప్పున చెల్లించవలెను. (ఈ రేట్లు 2024 జులై 23నుండి అమలులోనికి వచ్చినవి.) అతడు వాటాలు మార్చిన ప్రతిసారియు పన్ను గడప తొక్కవలసినదే. సూచీ మారినపుడు ఫండు కూడ ఇట్లే ఒక బ్యాంకును వదలి మరొకదానిని చేర్చుకొనును. కాని ఫండు ఆదాయమునకు చట్టము మినహాయింపు నిచ్చినది. లోపల ఎన్ని మార్పులు జరిగినను యూనిటుదారునకు పన్ను లేదు. యూనిటును అమ్మిన దినముననే అతని లెక్క మొదలగును.

లాభాంశముల సంగతియు నంతే. 2020 ఏప్రిల్ 1కి పూర్వము డివిడెండుపై పన్నును కంపెనీయే చెల్లించెడిది. ఆ తేదీనుండి అది వాటాదారుని ఆదాయములో చేరి అతని శ్లాబు ననుసరించి పన్నుకు గురియగుచున్నది. డివిడెండును పంచిపెట్టక లోపలనే తిరిగి మదుపుచేయు ఇ.టి.ఎఫ్.లో ఈ పన్ను వాయిదా పడును. నూటికి 30 శ్లాబులోనివానికి ఇది విలువైన వాయిదా. కాని 2025-26 ఆర్థిక సంవత్సరమునుండి నూతన పద్ధతిలో 12 లక్షలవరకు ఆదాయము గలవారికి పన్ను లేనందున, ఆ పరిమితికి లోబడిన ఉపాధ్యాయునకు డివిడెండుపై ఎట్లును పన్ను లేదు. అతనికి ఈ వాయిదావలన ఒరుగునది శూన్యము. వాటాలమీది మూలధన లాభమునకు మాత్రము ఆ రాయితీ వర్తింపదని గుర్తుంచుకొనవలెను. పన్ను ఆదా యని ప్రకటనలలో చదివినది ఎవరి ఆదా యని విచారించుట మంచిది.

గణితము బోధించు మిత్రులు ఈ లెక్కను తరగతిలో ఇయ్యవచ్చును. ఒకరు ఏకమొత్తముగ 5 లక్షలకు కొన్న యూనిట్లు కొన్ని ఏండ్లకు 8 లక్షలైనవి. అన్నియు ఒకే సంవత్సరమున అమ్మినచో లాభము 3 లక్షలు, మినహాయింపు పోను 1,75,000, పన్ను 21,875, నూటికి 4 సెస్సుతో 22,750 రూపాయలు. సగము మార్చి తుదివారమునను, తక్కిన సగము ఏప్రిల్ మొదటివారమునను అమ్మినచో? ఏ సంవత్సరపు లాభము ఆ సంవత్సరమునకే లక్షన్నర. పన్ను పడునది పాతికవేలపై. రెండేండ్లకు కలిపి సెస్సుతో 6,500. (లాభము సరిగా సగముగా చీలునట్లు ధర మారలేదని ఊహించుకొన్న లెక్క ఇది.) ఒక వారము ఓపిక పట్టినందుకు 16,250 రూపాయలు మిగిలినవి. ఇందులో మోసము లేదు, దాపరికము లేదు. చట్టము ఇచ్చిన దానిని చట్టప్రకారము పుచ్చుకొనుటయే. కొందరు ఏటేటా మినహాయింపు మేరకు అమ్మి తిరిగి కొనుచుందురు. అదియు చెల్లును, కాని తిరిగి కొన్న యూనిట్లకు పండ్రెండు నెలల గడువు మరల మొదటినుండి ప్రారంభమగును. క్రయవిక్రయములపై వేయు లావాదేవీ పన్ను కూడ తేలికయే: వాటాలు కొన్నను, అమ్మినను లక్షకు నూరు రూపాయలైతే, ఇ.టి.ఎఫ్. యూనిట్లు అమ్మినపుడు లక్షకు ఒక్క రూపాయి.

పదునారువేల రూపాయలు చిన్న మొత్తము కాదు. కాని 2020 ఫిబ్రవరి మధ్యనుండి మార్చి 24వ తేదీ లోపల బ్యాంకుల సూచీ దాదాపు సగమునకు కూలినది. పై యుపాధ్యాయుని 8 లక్షలు ఆ నెలన్నరలో 4 లక్షల దరికి దిగియుండెడివి. సూచీలోని బ్యాంకులన్నియు ఒకే గాలికి ఊగును. వడ్డీరేట్లు మారినను, బాకీలు మొండివైనను, అన్నిటికిని దెబ్బ తగులును. ఒక్క బ్యాంకు మునిగిన ఆపదనుండి ఇ.టి.ఎఫ్. కాపాడగలదు, బ్యాంకింగు రంగమే కుంగిన ఆపదనుండి కాపాడలేదు. ఆ నష్టములో అమ్మినవానికి ఒక ఓదార్పు గలదు: దీర్ఘకాలిక నష్టమును ఎనిమిదేండ్లవరకు దీర్ఘకాలిక లాభములతో సరిపెట్టుకొనవచ్చును, రిటర్ను గడువులోపల దాఖలు చేసినచో. అమ్మక నిలిచినవారు సూచీ తిరిగి కోలుకొనుట చూచిరి. పిల్లవాని కాలేజీ ఫీజునకు ఆ మార్చిలోనే సొమ్ము కావలసినవారికి ఆ అవకాశము లేకపోయెను.

కొనువిధానములో ఒక చిన్న జాగ్రత్త. యూనిటునకు రెండు విలువలుండును: లోపలి వాటాల లెక్కనుబట్టి వచ్చునది ఒకటి, బజారులో పలుకునది మరొకటి. కొనుగోలుదారులు పలుచగా నుండు ఫండులో ఈ రెంటికి ఎడము పెరుగును. ఆ ఎడమువలన పోవునది కొన్నిమార్లు పన్ను ఆదాను మించిపోవును. ఫండు సంస్థలు లోపలి విలువను బజారు వేళలలో ప్రకటించుచుండును. దానిని చూచి, తానిచ్చు ధరకు పరిమితి విధించి ఆర్డరు పెట్టుట మేలు.

అసలు ప్రత్యేకముగ బ్యాంకుల ఫండు మనకు కావలెనా యను ప్రశ్న మిగిలియున్నది. నిఫ్టీ 50 సూచీలో ఇటీవలి సంవత్సరములలో మూడవ వంతు ఆర్థిక సంస్థలదే. అందులో సింహభాగము బ్యాంకులది. నిఫ్టీ ఫండు గలవాడు అప్పుడే బ్యాంకులకు వాటాదారుడు. 2004 సెప్టెంబరు 1 తరువాత ప్రభుత్వ కొలువులో చేరి కాంట్రిబ్యూటరీ పింఛను పథకములో నున్న ఉపాధ్యాయుని సొమ్ములోనూ కొంతభాగము వాటాలలోనికి, అందుండి బ్యాంకులలోనికి పోవుచున్నది. అట్టివారు మొదట ఒక కాగితముపై తమ నిలువలన్నింటిని వ్రాసి, ఒక్కొక్కదానిలో బ్యాంకుల పాలెంతో పక్కన వేసికొని కూడవలెను. చాలమందికి ఆ కూడికలో వచ్చు అంకె వారనుకొన్నదానికంటె పెద్దదిగానే యుండును.