కొడవలి కణాలు

ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును శరీరమంతటికీ చేరవేసే పదార్థం హిమోగ్లోబిన్. దీనిని ధరించిన ఎర్ర రక్తకణాలు సహజంగా గుండ్రంగా, మృదువుగా ఉండి, అతి సన్నని రక్తనాళాలలో కూడా సులువుగా సాగిపోతాయి. కొందరిలో మాత్రం ఇవి కొడవలివలె వంగి బిరుసెక్కుతాయి. రక్తనాళాలకు అడ్డుపడి భరింపరాని నొప్పులు కలిగిస్తాయి. దాదాపు 120 రోజులు జీవించవలసిన కణాలు 10 నుండి 20 రోజులలోనే నశించడం వల్ల రక్తహీనత ఏర్పడుతుంది. ఇదే సికిల్ సెల్ వ్యాధి.

1910లో అమెరికాలోని షికాగో నగర వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ కణాలను వర్ణిస్తూ వ్యాసం ప్రకటించాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం దోషం హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించింది. 1957లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లానికి సంబంధించినదని తేల్చాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలైన్ చేరడమే ఈ వ్యాధికి కారణం. 11వ క్రోమోజోమ్‌పైనున్న జన్యువులో ఒక్క అక్షరం మారడం దీనికి మూలం. ‘పాలు’ అనే మాటలో ఒక్క అక్షరం మారితే ‘పాము’ అవుతుంది కదా!

ప్రతి బిడ్డకూ ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి సంక్రమిస్తుంది. రెండూ మారినవైతే వ్యాధి వస్తుంది. ఒకటే మారినదైతే ఆ వ్యక్తి వాహకుడు మాత్రమే. సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇంతటి హానికరమైన జన్యువు కాలక్రమంలో ఎందుకు అంతరించలేదు? 1954లో ఆంథొనీ ఎలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి దీనికి సమాధానం చెప్పాడు. వాహకులకు ప్రాణాంతకమైన మలేరియా నుండి చాలావరకు రక్షణ లభిస్తుంది. అందువల్ల మలేరియా ప్రబలిన చోట్ల వారే ఎక్కువగా బతికి, ఆ జన్యువును సంతానానికి అందించారు. సుమారు 7,300 సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో ఒకే ఒక్క వ్యక్తిలో ఈ మార్పు పుట్టి ఉండవచ్చునని 2018లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది.

భారతదేశంలో ఈ కణాలను 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. ఆదిలాబాదు అడవులలోను, విశాఖ మన్యంలోను నివసించే గిరిజనులలో కూడా ఈ వ్యాధి కనిపిస్తుంది. 2047 నాటికి దీనిని నిర్మూలించాలనే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2023లో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

బిడ్డకు ఈ వ్యాధి వస్తే తల్లిని నిందించడం, శాపమని భావించడం అజ్ఞానం. ఇందులో తల్లిదండ్రుల పాత్ర సమానం. తప్పు మాత్రం ఎవరిదీ కాదు. ఒకనాడు పూర్వులను మలేరియా నుండి కాపాడిన మార్పే నేడు కొందరు బిడ్డలకు బాధ కలిగిస్తున్నది. వివాహానికి ముందు చేయించుకొనే చిన్న రక్తపరీక్షతో వాహకులెవరో తెలుస్తుంది. ఆ పరీక్షకు సంకోచింపక ముందుకు రావడం విద్యావంతులైన యువతీయువకుల కర్తవ్యం.