వ్రాతపని: శ్రీకాళహస్తి ఇళ్లలో తయారయ్యే పూజా వస్త్రం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- శ్రీకాళహస్తి కలంకారీని 'వ్రాతపని' అని ఎందుకు అంటారో చెప్పగలుగుతారు.
- గుడి తెరను కథలా చదివే పద్ధతిని తెలుసుకుంటారు.
- తయారీలోని ఒక్కొక్క దశకు గల కారణాన్ని వివరించగలుగుతారు.
- నూలు మీద, పట్టు మీద చేసే పనుల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- చేతితో వ్రాసిన గుడ్డకూ, అచ్చు వేసిన గుడ్డకూ గల తేడాను పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

శ్రీకాళహస్తి స్థలపురాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 'శ్రీ' అంటే సాలెపురుగు, 'కాళం' అంటే పాము, 'హస్తి' అంటే ఏనుగు. ఈ మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయని కథ. సాలెపురుగుకు పూలు తెచ్చే చేతులు లేవు, మంత్రం చదివే నోరు లేదు. తనకు చేతనైనది అల్లిక ఒక్కటే. లింగం చుట్టూ గూడు అల్లడమే దాని పూజ అయింది. ధూర్జటి కావ్యం ద్వారా ఈ కథ తెలుగువారికి మరింత దగ్గరైంది.

ఈ కథ నుంచే ఆ ఊరి చేతిపని పుట్టిందని నేను చెప్పడం లేదు. అందుకు ఆధారం లేదు. అయితే చేతనైన పనినే దేవునికి సమర్పించడం అనే భావం ఆ ఊరి కలంకారీ ఇళ్లలో నేటికీ కనిపిస్తుంది. అక్కడ గుడ్డ తడపడం, గీత గీయడం, రంగు ఉడికించడం ఇంటి పనుల మధ్యనే జరుగుతాయి. అలా తయారైన గుడ్డ గుడిలో తెరగానో, రథానికి అలంకారంగానో, పూజగదిలో పటంగానో మారుతుంది.

ఈ పాఠమంతటా ఒక ప్రశ్నను గుర్తుంచుకోండి. దేవుని బొమ్మ ఉన్న ప్రతి గుడ్డా పూజా వస్త్రం అవుతుందా?

9.2 పేరు, చరిత్ర

'కలం', 'కారీ' అనే మాటలు పారసీ నుంచి వచ్చాయి. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో దీనికి 'వ్రాతపని' అనే తెలుగు పేరు కూడా ఉంది. ఇక్కడ బొమ్మను 'వేయడం' కంటే 'వ్రాయడం' అనే మాటే తగినది.

కలంకారీ అనగానే మచిలీపట్నం, పెడన కూడా గుర్తుకు వస్తాయి. అక్కడ ప్రధానంగా చెక్క అచ్చులతో అద్దకం చేస్తారు. పువ్వులు, తీగలు, జాలీలు ఎక్కువ. విదేశీ వర్తకం ఆ శైలిని తీర్చిదిద్దింది. శ్రీకాళహస్తి పని గుడి నీడలో పెరిగింది. ఇక్కడ రామాయణం, భారతం, భాగవతం, శివపురాణం, కన్నప్ప కథ వంటివి ప్రధానం. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలను చూడండి. ఆ పెద్ద కళ్లు, చీరల అంచులు, వరుసగా నిలబడ్డ మనుషులు చూస్తే కలంకారీ తెరలు వెంటనే గుర్తుకు వస్తాయి.

20వ శతాబ్దం మధ్యనాటికి ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. గుడుల నుంచి, జమీందారుల నుంచి వచ్చే ఆదరణ తగ్గిపోయింది. ఆ దశలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పెద్దల చేతిలోని విద్య కొత్త తరానికి అందింది. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ పురస్కారం లభించింది. శ్రీకాళహస్తి కలంకారీకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

9.3 తెరను చదవడం

సంప్రదాయ గుడి తెర ఒక్క బొమ్మ కాదు, పెద్ద పుస్తకం వంటిది. మధ్యలో ప్రధాన ఘట్టం పెద్దదిగా ఉంటుంది. శ్రీరామ పట్టాభిషేకం అందుకు మంచి ఉదాహరణ. దాని చుట్టూ చిన్న చిన్న గళ్లలో కథ వరుసగా సాగుతుంది. గళ్ల మధ్య సన్నని పట్టీలలో తెలుగు అక్షరాలతో ఆ ఘట్టం పేరో, వివరణో వ్రాస్తారు.

రంగులకు కూడా ఒక కట్టుబాటు ఉంది. సాధారణంగా రాముడు, కృష్ణుడు నీలంలో, స్త్రీ పాత్రలు పసుపులో, రాక్షసులు ఎరుపులో, హనుమంతుడు ఆకుపచ్చలో కనిపిస్తారు. అక్షరం రానివారు కూడా రంగును బట్టి, ఆయుధాన్ని బట్టి పాత్రను గుర్తుపడతారు. చదువు వచ్చినవారు పట్టీ చదివి పక్కవారికి చెబుతారు. తెర ముందు నిలబడడం కథ వినడంతో సమానమైంది. ఈ పద్ధతి ఒక్క మతానికే పరిమితం కాలేదు. శ్రీకాళహస్తి కళాకారులు క్రీస్తు జీవితాన్నీ, బుద్ధుని జీవితాన్నీ కూడా ఇలాగే గళ్లలో వ్రాశారు.

9.4 తయారీ విధానం

ఈ పనిలో రంగు గుడ్డ మీద పైపూతగా ఉండదు, దారంలోకి ఇంకి అక్కడే తయారవుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలిన దశలన్నీ సులభంగా గుర్తుంటాయి.

(అ) గుడ్డను సిద్ధం చేయడం: ముతక నూలు గుడ్డను ఉతికి గంజి పోగొడతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది దారాన్ని పట్టుకుని, తరువాత వచ్చే లోహపు ఉప్పులకు ఆధారమవుతుంది. పాలలోని కొవ్వు గీత పాకిపోకుండా ఆపుతుంది. వెన్న ఎక్కువ కనుక గేదెపాలు వాడతారు.

(ఆ) కలం: వెదురుపుల్లను మొనగా చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్నినో, గుడ్డనో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. గీతకు సన్న మొన, నింపడానికి లావు మొన వాడతారు. మొదటి నమూనాను చింతబరికెల బొగ్గుతో గీస్తారు.

(ఇ) నల్ల గీత: తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రెండు, మూడు వారాలు పులియనిస్తారు. ఈ ద్రవాన్ని 'కసిమి' అంటారు. బెల్లం పులిసి ఆమ్లంగా మారుతుంది, అందులో ఇనుము కరుగుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు కసిమి తగలగానే ఇనుము, టానిన్ కలిసి నలుపుగా మారతాయి. ఈ గీతను చెరపడానికి వీలు లేదు. అందుకే ముఖం, కళ్లు వ్రాసే పనిని ఇంట్లో అనుభవజ్ఞులే చేస్తారు.

(ఈ) ఎరుపు: ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. కొంతకాలం ఆరనిచ్చి పారే నీటిలో ఉతుకుతారు. నీరు ఎందుకు పారాలి? నిలవ నీటిలో మిగులు పటిక కరిగి పక్క భాగాలకు అంటుకుంటుంది. అక్కడ కూడా ఎరుపు పడుతుంది. ఉతికిన తరువాత చిరివేరు, మంజిష్ఠ, సురుడు చెక్క వంటి వాటితో గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట లేత మరక మాత్రమే మిగులుతుంది.

(ఉ) తెలుపు చేయడం: ఆ మరక పోవడానికి గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఏటి ఇసుక మీద పరచి, మాటిమాటికీ నీళ్లు చల్లుతూ ఎండలో ఉంచుతారు.

(ఊ) మిగిలిన రంగులు: గుడ్డను మళ్లీ పాలలో ముంచి ఆరబెట్టి, కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటి వాటితో పసుపు, నీలిమందుతో నీలం నింపుతారు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది. చివరి ఉతుకుతో పని ముగుస్తుంది.

ఒక్క దశ దాటవేస్తే ఏమవుతుందో నా అనుభవంతో చెబుతాను. ఉద్యోగ విరమణ తరువాత మా పూజగదికి నేనే ఒక చిన్న పట్టు తెర వ్రాద్దామనుకున్నాను. ఎన్నో ఏళ్లు తరగతిలో ఈ దశలు చెప్పినవాణ్ణి కదా అని ధీమా. కరక్కాయ నీళ్లలో తడిపాను కానీ, వాసన వస్తుందని పాలు మానేశాను. వినాయకుని తొండం గీశానో లేదో, గీత కళ్ల ముందే అరంగుళం మేర పాకి నల్లని మచ్చ అయింది. పాల పని ఏమిటో నాకు పుస్తకం కంటే ఆ మచ్చ బాగా నేర్పింది. ఆ గుడ్డను పారేయలేదు, ఇప్పటికీ విద్యార్థులకు చూపిస్తుంటాను.

9.5 పట్టు మీద వ్రాతపని

మన ఇళ్లలో మడికి పట్టు కడతాం, దేవునికి పట్టువస్త్రాలు సమర్పిస్తాం. మరి గుడి తెరలు నూలు మీద ఎందుకు వ్రాశారు? సమాధానం తయారీ విధానంలోనే ఉంది. నూలు మొక్క నుంచి వచ్చిన దారం. పలుమార్లు ఉడకడాన్నీ, ఎండనూ, ఉతుకునూ అది తట్టుకుంటుంది. పట్టు మాంసకృత్తులతో ఏర్పడిన దారం. వగరునూ, లోహపు ఉప్పులనూ తేలికగానే పట్టుకుంటుంది, రంగు మెరుపుతో పలుకుతుంది. కానీ క్షారం ఎక్కువైతే దారం దెబ్బతింటుంది, ఎక్కువ ఉడికితే మెరుపు పోతుంది, ఎక్కువ ఎండ తగిలితే పసుపుబారి పెళుసవుతుంది.

కాబట్టి నూలుకు చేసినట్లు పేడనీళ్లు, ఇసుక మీద ఎండ పట్టుకు పనికిరావు. ఉడికించే వేడి తగ్గించాలి, ఉతుకు మృదువుగా ఉండాలి. ఇప్పుడు టస్సర్ వంటి పట్టు మీద చీరలు, దుపట్టాలు, పూజగది పటాలు విరివిగా వస్తున్నాయి. వాటిలో కొన్ని సహజ రంగులతోనూ, కొన్ని రసాయన రంగులతోనూ తయారవుతాయి. పట్టు వాడడం తప్పు కాదు. ఏ రంగు వాడారో కొనేవారికి చెప్పకపోవడమే తప్పు.

9.6 ఇల్లే పనిశాల

తెర మీద ఒక్క కళాకారుని పేరు ఉండవచ్చు. కానీ పాలు కలిపేవారు, కసిమి కుండను చూసుకునేవారు, గుడ్డ ఉతికేవారు, రంగు నింపేవారు వేరువేరు మనుషులు. వీరిలో ఇంటి ఆడవాళ్ల వాటా పెద్దది. చాలాకాలం ఆ శ్రమను 'సాయం' అని మాత్రమే లెక్కించారు. శిక్షణ పెరిగిన తరువాత స్త్రీలు స్వయంగా గీత గీసే కళాకారులుగా కూడా ముందుకు వచ్చారు. మీరు ఏ ఇంటి చేతిపనిని అధ్యయనం చేసినా, 'దీన్ని ఎవరు చేశారు?' అనే ప్రశ్నకు వచ్చే మొదటి జవాబుతో ఆగిపోకండి.

ఈ పనిలో పేరు చెప్పని మరో భాగస్వామి స్వర్ణముఖి నది. అది వానల మీద ఆధారపడిన ఏరు. నీరు పారని నెలల్లో తొట్లలో నీళ్లు పదేపదే మార్చి ఉతకాలి. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, ఎరుపు మసకబారే ప్రమాదమూ పెరుగుతుంది. కళను కాపాడడమంటే బహుమతులు ఇవ్వడమే కాదు, ఏటిలో నీటిని కాపాడడం కూడా.

9.7 ఎలా గుర్తించాలి?

చేతి పనిని పోలిన అచ్చు గుడ్డలు నేడు చౌకగా దొరుకుతున్నాయి. కొనేముందు ఈ విషయాలు పరిశీలించండి.
- ఒకే బొమ్మ రెండుచోట్ల వస్తే, రెండు ముఖాలూ తేడా లేకుండా ఉన్నాయా? చేతి గీతలో తేడా తప్పదు.
- గీత అంతా ఒకే మందంలో ఉందా? కలం గీత కొన్నిచోట్ల లావవుతుంది, కొన్నిచోట్ల సన్నబడుతుంది.
- గుడ్డ వెనుక వైపు రంగు ఎలా ఉంది? పైపైన ఉండే అచ్చు రంగు వెనుక చాలా పలచగా ఉంటుంది.
- ఏ రంగులు వాడారని అడిగితే అమ్మేవారు దశలు చెప్పగలుగుతున్నారా?

ఒక్క గుర్తుతో తేల్చేయకండి, అన్నీ కలిపి చూడండి. ఇంట్లో సహజ రంగుల తెర ఉంటే నేరుగా ఎండ తగలనివ్వకండి. నల్ల గీతల దగ్గర మడత పెట్టకండి. కసిమిలోని ఇనుము కాలక్రమంలో ఆ దారాలను బలహీనం చేస్తుంది. పాత గుడ్డలు తరచుగా నల్లని చోటే చిరగడానికి కారణం ఇదే.

9.8 సారాంశం

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. దేవుని బొమ్మ ఉన్న ప్రతి గుడ్డా పూజా వస్త్రం అవుతుందా? కాదని నా అభిప్రాయం. చేతిసంచి మీద అచ్చు వేసిన రాముడూ రాముడే. కానీ ఆ సంచి కథ చెప్పదు, మనమూ దాని ముందు ఆగి చదవం. వ్రాతపనిలో బొమ్మ కథ చెబుతుంది. పాలు, కరక్కాయ, బెల్లం, పారే నీరు, ఎండ ఒక క్రమంలో వచ్చి రంగును నిలుపుతాయి. ఆ క్రమాన్ని తొందరపెట్టకుండా పాటించే ఓర్పును భక్తి అనడం అతిశయోక్తి కాదు. గుడ్డ నూలా పట్టా అన్నది ఆ తరువాతి మాట.

అయితే భక్తి పేరుతో ఆ ఓర్పును ఉచితంగా ఆశించకూడదు. నెల రోజుల పనికి నెల రోజుల కూలి దక్కాలి. లేకపోతే ఆ ఇంటి పిల్లలు కలం వదిలేస్తారు. అప్పుడు మనకు బొమ్మలు మిగులుతాయి కానీ, వ్రాసేవారు మిగలరు.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి

1. గుడ్డను పాలలో ముంచడం వల్ల ప్రయోజనం ఏమిటి?
2. పటిక పూసిన గుడ్డను పారే నీటిలో ఎందుకు ఉతకాలి?
3. నూలుకు చేసే ఏ పనులు పట్టుకు పనికిరావు? కారణాలు వ్రాయండి.
4. పూజా వస్త్రం గురించి రచయిత చెప్పిన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీ కారణాలతో ఒక పేజీకి మించకుండా చర్చించండి.

కృత్యం: మీ ఇంట్లోగానీ, మీ ఊరి గుడిలోగానీ, చర్చిలోగానీ, దర్గాలోగానీ ఉన్న ఒక పూజా వస్త్రాన్ని పరిశీలించండి. దాన్ని ఎవరు చేశారు, ఏ దారం, ఏ రంగు, ఎంతకాలం పట్టింది, ఎంత కూలి ముట్టింది అనే వివరాలను పెద్దలను అడిగి నమోదు చేయండి. మీ సంప్రదింపు తరగతికి ఆ నోటుపుస్తకాన్ని తీసుకురండి.