ఒక పలక... ఒక తెడ్డు... ఒక మహాసముద్రం!

అట్లాంటిక్‌ని ఓడలో దాటొచ్చు. తెరచాప పడవలో దాటొచ్చు. గుండె దిటవు ఉంటే, చిన్న పడవలో కూర్చుని తెడ్లు వేసుకుంటూనైనా దాటొచ్చు. కానీ నిలబడి, ఒకే ఒక్క తెడ్డుతో, తోడుగా మరో పడవ కూడా లేకుండా... మూడు నెలలపాటు! దక్షిణాఫ్రికాకు చెందిన క్రిస్ బెర్టిష్ ఆ పని చేసి చూపించాడు. కెరటాల మీద ఆడుకునే ఓ సరదా ఆట మనిషిని ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి ఆయన కథే ఉదాహరణ.

2016 డిసెంబరు 6. ఆఫ్రికా వాయవ్య తీరంలోని మొరాకో దేశం, అగాదిర్ రేవు. ఇరవై అడుగుల పొడవున్న ఓ వింత పడవ అక్కడి నుంచి మెల్లగా కదిలింది. దాని పేరు ఇంపిఫిష్. పడుకోవడానికి మనిషి పట్టేంత గూడు, కరెంటు కోసం సౌరపలకలు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం, ఒడ్డుతో మాట్లాడటానికి ఉపగ్రహ ఫోను. అన్నింటికన్నా ముఖ్యంగా, నిలబడి తెడ్డు వేయడానికి కాస్త చోటు. బెర్టిష్ చేరాల్సిన ఊరు సముద్రానికి ఆవలి ఒడ్డున, వెస్టిండీస్‌లోని ఆంటిగ్వా దీవిలో ఉంది. మధ్యలో దాదాపు 7,500 కిలోమీటర్ల నీరు!

అప్పటికి ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా ఆ పని చేసినవాళ్లెవరూ లేరు. అదే ఏడాది కేప్ వెర్డే దీవుల నుంచి బయల్దేరిన ఓ ఫ్రెంచి సాహసికుడు కొద్దిరోజులకే ఆపదలో చిక్కుకుని, రక్షకుల సాయంతో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ సంగతి తెలిసీ బెర్టిష్ బయల్దేరాడు.

అరువు పలకతో విజేత

కేప్‌టౌన్‌లో 1974లో పుట్టిన బెర్టిష్‌కి కెరటాలు చిన్నప్పటి నేస్తాలు. ముగ్గురు అన్నదమ్ముల్లో చివరివాడు. అన్నలతో కలిసి సర్ఫింగ్ చేస్తూ పెరిగాడు. పెద్దయ్యాక మామూలు అలలు ఆనలేదు. కొండంత కెరటాలు ఎక్కడ లేస్తాయా అని వెతుక్కుంటూ తిరిగాడు. అలాంటి చోట్లలో ఒకటి కాలిఫోర్నియాలోని మావెరిక్స్. అక్కడ చలికాలంలో అలలు నాలుగైదు అంతస్తుల మేడంత ఎత్తు లేస్తాయి. పోటీ తేదీ ముందే ఖరారు చేసే వీలుండదు. అలలు సిద్ధమైనప్పుడు కబురు వస్తుంది, ఎక్కడివాళ్లు అక్కడి నుంచి పరుగెత్తుకు రావాల్సిందే.

2010 ఫిబ్రవరిలో కబురు అందింది. బెర్టిష్ విమానం ఎక్కి కాలిఫోర్నియాలో దిగాడు కానీ ఆయన సర్ఫింగ్ పలకలు రాలేదు. అరువు తెచ్చుకున్న పలకతో నీళ్లలోకి దిగాడు. మొదట్లోనే ఓ భారీ కెరటం కిందికి ఈడ్చేసింది. పైకి తేలి, ఊపిరి పీల్చుకుని మళ్లీ వెళ్లాడు. సాయంత్రానికి యాభై వేల డాలర్ల మొదటి బహుమతి ఆయనదే!

కూర్చోవద్దు... నిలబడు!

ఇంతకీ ఈ నిలబడి తెడ్డు వేసే ఆట ఎక్కడిది? ‘స్టాండప్ పాడిల్’ అంటారు దీన్ని. మూలాలు హవాయి దీవుల్లో ఉన్నాయి. స్థానిక భాషలో దీని పేరు ‘హోయె హేఎ నాలు’. తెడ్డు పట్టి అలల మీద జారడం అని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో వైకీకీ తీరంలో పర్యాటకులకు సర్ఫింగ్ నేర్పే యువకులు ఉండేవారు. వాళ్లలో కొందరు పెద్ద పలకల మీద నిలబడి, పడవ తెడ్డుతో నడుపుకుంటూ వెళ్లేవారు. నిలబడితే దూరం నుంచి వచ్చే అల ముందే కనపడుతుంది. సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచొచ్చు. మెడలో కెమెరా వేలాడదీసుకుని ఫొటోలూ తీయొచ్చు. అవసరం నేర్పిన విద్య అన్నమాట.

తర్వాత అంతా దాన్ని మరచిపోయారు. లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా అనే ఇద్దరు సర్ఫింగ్ వీరులు హవాయిలోని మౌయి దీవిలో మళ్లీ తెడ్డు పట్టడంతో దశ తిరిగింది. 2000 తర్వాత అమెరికాకు, అక్కడి నుంచి ఐరోపాకు, ఆస్ట్రేలియాకు పాకింది. కెరటాలు లేని చెరువులోనూ, కాలువలోనూ ఆడొచ్చు. అదే ఈ ఆటకు కలిసొచ్చింది. నెదర్లాండ్స్‌లో అయితే పదకొండు పట్టణాలను కలిపే కాలువల వెంట ఐదు రోజుల్లో 220 కిలోమీటర్లు సాగే పందెమే ఉంది.

ఆ మాటకొస్తే నీటి మీద నిలబడటం మనవాళ్లకూ తెలియనిది కాదు. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద కెరటాన్ని చీల్చుకుంటూ వెళ్లడం మన కోస్తా మత్స్యకారులకు తాతముత్తాతల నాటి విద్య. తమిళులు దాన్నే కట్టుమరం అంటారు. ఇంగ్లిషులోని ‘కాటమరాన్’ అందులోంచి పుట్టిందే. హవాయి యువకులు దాన్ని ఆటగా మలిచారు, మనవాళ్లు బువ్వ కోసం చేశారు. అంతే తేడా!

చూడ్డానికి తేలిక

ఒడ్డున నిలబడి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఎక్కి చూస్తే తెలుస్తుంది, అరికాలి నుంచి మెడ దాకా ప్రతి కండరానికీ పనే. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. మోకాళ్లు కాస్త వదులుగా వంచాలి. చూపు కాళ్ల మీద కాదు, ఎదర ఉండాలి. కిందికి చూశారా... కిందే ఉంటారు! కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది తెడ్డును తిరగేసి పట్టుకుంటారు. దాని రెక్క కాడ నుంచి కాస్త వంగి ఉంటుంది. ఆ వంపు పలక ముందుభాగం వైపు ఉండాలి. తెడ్డును ముందుకు చాచి నీళ్లలో పూర్తిగా ముంచి, పాదాల దాకా లాగి బయటకు తీసేయాలి. చేతులతో కాదు, నడుముతో లాగాలి. ఆ కిటుకు తెలియకపోతే అరగంటకే భుజాలు పట్టేస్తాయి.

పలకల్లోనూ తేడాలున్నాయి. కెరటాల మీద ఆడటానికి ఏడు నుంచి తొమ్మిది అడుగుల పొట్టి పలకలు. సులువుగా మలుపు తిరుగుతాయి. పందేలకు పద్నాలుగు అడుగుల పొడవైనవి. సన్నగా ఉంటాయి కాబట్టి బాణంలా దూసుకెళ్తాయి, కానీ వాటి మీద నిలబడటమే ఓ విద్య. మలుపు తిప్పాలంటే వెనక్కి నడిచి, తోక మీద బరువు వేసి, ముక్కు గాల్లోకి లేపి గిరుక్కున తిప్పాలి. పందెంలో పోటీదారు సైకిల్ వీరుడిలాగే ముందువాడి వెనకే నక్కి వెళ్తాడు. ముందువాడు చీల్చిన నీటిలో శ్రమ తగ్గుతుంది. ఆ ఆదా చేసిన శక్తితో చివర్లో దాటేయొచ్చు.

ఎముకల జలసంధి

ఈ ఆటలో పేరున్న పందెం హవాయిలోని మొలొకాయ్ దీవి నుంచి ఒవాహు దీవి దాకా సాగేది. దూరం 32 మైళ్లు, అంటే 51 కిలోమీటర్లకు పైనే. 1997లో పలక మీద పడుకుని చేతులతో ఈదేవాళ్ల కోసం మొదలైంది. నిలబడి తెడ్డు వేసేవాళ్లు తర్వాత చేరారు. మధ్యలో ఉన్నది కైవీ జలసంధి. ఎముకల జలసంధి అనీ పిలుస్తారు. 1978లో ఓ సంప్రదాయ పడవ ఈ ప్రాంతంలో బోల్తా పడినప్పుడు, తోటివాళ్లను కాపాడటానికి సాయం తెస్తానంటూ సర్ఫింగ్ పలక మీద బయల్దేరిన ఎడ్డీ ఐకావు మళ్లీ తిరిగి రాలేదు. హవాయి ప్రజలు ఇప్పటికీ తలచుకునే వీరుడాయన.

అందుకే ఇక్కడ ప్రతి పోటీదారు వెంటా ఓ పడవ ఉండాల్సిందే. వెనక నుంచి వీచే గాలి అలలను తరుముతుంటుంది. తెలివైనవాడు అలతో పోరాడడు. దాని వీపెక్కి జారతాడు. అది చచ్చేలోగా నాలుగు తెడ్లు బలంగా వేసి మరోదాని మీదికి దూకుతాడు. ఆరితేరినవాళ్లు నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా దాటేస్తారు. మిగతావాళ్లకు అంతకన్నా ఎన్నో గంటలు. ఒవాహు తీరం కంటికి కనిపించాక గాలి ఎదురు తిరుగుతుంది. అలసిన ఒంటికి అసలు పరీక్ష అప్పుడే.

బెర్టిష్ ముందున్న సముద్రం దానికి నూట నలభై రెట్లకు పైగా ఉంది. వెంట పడవ కూడా లేదు.

రాత్రుళ్లే మెలకువ

తూర్పు నుంచి పడమటికి వీచే వ్యాపార పవనాలే ఆయన ధీమా. కొలంబస్ ఓడల్ని 1492లో నడిపించిందీ ఆ గాలులే. అయితే గాలి అనుకూలిస్తే నేస్తం, ఎదురైతే శత్రువు. ఎదురుగాలి వేళ పారాచూట్ లాంటి లంగరును నీళ్లలోకి వదిలి, పడవను వెనక్కి పోకుండా ఆపుకొని గూట్లో ముడుచుకుని ఉండాల్సిందే. ఆ గూట్లో కాళ్లు చాపుకొని హాయిగా పడుకునే వీల్లేదు. కెరటం కొట్టినప్పుడల్లా ఒళ్లు గోడకు కొట్టుకుంటుంది.

పగటి ఎండ ఒంట్లో నీటిని పీల్చేస్తుంది కాబట్టి బెర్టిష్ ఎక్కువగా రాత్రుళ్లే తెడ్డు వేశాడు. చీకట్లో వచ్చే కెరటం కంటికి కనపడదు. దాని చప్పుడును బట్టి, పాదాల కింద పడవ లేచే తీరును బట్టి పట్టుకోవాలి. ఇలాంటి ప్రయాణంలో మనిషి జారిపడటం కన్నా, పడ్డాక పడవ దూరమైపోవడం ప్రమాదం. గాలి తోసుకుపోయే పడవను ఈది పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఒంటికి కట్టుకున్న తాడొక్కటే ప్రాణానికి పూచీ. మరోపక్క, పడవలోకి నీళ్లు కారాయి. బాగు చేయడానికి తన చేతులు తప్ప మరో చేతులు లేవు.

అయినా రోజూ తెడ్డు పడింది. ఒకసారి 24 గంటల్లో 115 కిలోమీటర్లకు పైగా సాగి రికార్డు నెలకొల్పాడు. మొత్తం మీద తెడ్డు వేసింది ఇరవై లక్షల సార్లకు పైనే. అంటే రోజుకు ఇరవై వేల కన్నా ఎక్కువ!

ఇంత కష్టం ఎందుకంటే, ఆయన దగ్గర ఓ లెక్క ఉంది. ఈ యాత్ర పేరుతో వచ్చిన విరాళాలు పేద పిల్లల భోజనానికి, బడులకు, గ్రహణం మొర్రితో పుట్టిన చిన్నారుల శస్త్రచికిత్సలకు వెళ్లేలా ముందే ఏర్పాటు చేసుకున్నాడు. మధ్యలో ఆపేస్తే ఓడిపోయేది తనొక్కడే కాదని ఆయనకు తెలుసు.

2017 మార్చి 9న, 93వ రోజున, ఇంపిఫిష్ ఆంటిగ్వాలోని ఇంగ్లిష్ హార్బర్‌లోకి ప్రవేశించింది. అక్కడితో ఆగాడా? 2022లో పలక మీద నిలబడి, చేతిలో గాలి రెక్క పట్టుకుని, కాలిఫోర్నియా నుంచి హవాయికి 48 రోజుల్లో చేరాడు.

మన తీరంలోనూ...

ఈ ఆట మనకు మరీ దూరమేం కాదు. కర్ణాటకలో మంగళూరు దగ్గరి ముల్కి తీరంలో మంత్రా సర్ఫ్ క్లబ్ ఏళ్లుగా దీన్ని నేర్పిస్తోంది. అక్కడే తెడ్డు పట్టిన తన్వీ జగదీశ్ 2016లో ఫిజీలో జరిగిన ప్రపంచ పోటీల్లో భారత్ తరఫున పాల్గొంది. చెన్నై దగ్గరి మత్స్యకార గ్రామం కోవలం నుంచి వచ్చిన శేఖర్ పచ్చై జాతీయ ఛాంపియన్‌గా ఎదిగాడు. 2024 మార్చిలో మంగళూరు సమీపంలోని ససిహిత్లు బీచ్ విదేశీ క్రీడాకారులు కూడా పాల్గొన్న పోటీలకు వేదికైంది. ఒలింపిక్స్‌లో మాత్రం ఈ ఆటకు ఇంకా చోటు దక్కలేదు. దీన్ని నడిపే హక్కు ఎవరిదని సర్ఫింగ్, కనోయింగ్ సమాఖ్యలు క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లాయి. పోటీలు ఇద్దరూ పెట్టుకోవచ్చు, ఒలింపిక్ స్థాయిలో మాత్రం సర్ఫింగ్ సమాఖ్యదే బాధ్యత అంటూ 2020లో తీర్పొచ్చింది.

సరదా పడేముందు...

* ఈత రాకుండా పలక ఎక్కొద్దు. వచ్చినా లైఫ్ జాకెట్ తప్పదు.

* తొలి పాఠం కెరటాల్లో కాదు, నిశ్చలంగా ఉండే నీటిలో. ముందు మోకాళ్ల మీద, తర్వాత పాదాల మీద.

* కాలికీ పలకకూ మధ్య తాడు ఉండాలి. పారే నదిలో మాత్రం చటుక్కున విప్పుకోగలిగే నడుము తాడే వాడాలి. కాలి తాడు చెట్టుకొమ్మకో రాతికో చిక్కుకుంటే ప్రాణాపాయం.

* ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే దిగొద్దు. నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, వెళ్లడం తేలిగ్గా ఉంటుంది. తిరిగి రావడమే కష్టం.

* పడబోతుంటే పలకను పట్టుకోవాలని చూడకుండా పక్కకు, నీళ్లలోకి వెల్లకిలా పడాలి. లోతు తక్కువ ఉన్నచోట తల ముందుకు పెట్టి దూకితే మెడకు ప్రమాదం.

* గాలి దూరం తోసేస్తే పలకను వదిలేసి ఈదొద్దు. దాని మీదే పడుకుని చేయి ఊపుతూ సాయం కోరాలి. ఒడ్డున ఉన్నవాళ్లకు నీళ్లలోని తల కన్నా తేలే పలక తొందరగా కనిపిస్తుంది.