మనీలా వీధుల్లో ఇంటి పోరు

‘బాతంగ్ కియాపో’ ఫిలిప్పీన్స్‌కు చెందిన ఏబీఎస్-సీబీఎన్ సంస్థ నిర్మించిన యాక్షన్ ధారావాహిక. ఫెర్నాండో పో జూనియర్ నటించిన 1986 నాటి సినిమా దీనికి ఆధారం. 2023 ఫిబ్రవరి 13న ప్రసారం మొదలైంది. కోకో మార్టిన్ కథానాయకుడు టాంగ్గోల్‌గా నటిస్తూ దర్శకత్వ బాధ్యతలూ పంచుకున్నాడు.

తల్లి మారిటెస్‌పై జరిగిన అత్యాచారం వల్ల టాంగ్గోల్ పుడతాడు. ఆమె భర్త, పోలీసు ఉద్యోగి రిగోర్ అతణ్ణి కొడుకుగా అంగీకరించడు. అమ్మమ్మ టిండెంగ్ మాత్రం కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది. ఇంట్లో మిగతావాళ్ల ఆదరణ కరవై, నల్ల నజరేన్ అనే యేసు విగ్రహం కొలువైన చర్చి ఉన్న మనీలాలోని కియాపో వీధుల్లో అతడు దొంగతనాలకు అలవాటుపడతాడు. అసలు తండ్రి రామోన్ నేర ముఠా నాయకుడు.

తుపాకుల మోత ఎంత ఉన్నా, అయినవాళ్ల ఆమోదం కోసం ఓ కొడుకు పడే తపనే ఈ కథకు ప్రాణం.